జీపీఏ ఇమ్మంటున్నారు... ఎంతవరకు ఇవ్వాలి?

ఈసారి పాఠకుల ఉత్తరాల్లో సగానికి పైగా పవర్ ఆఫ్ అటార్నీ గురించే ఉన్నాయి. మన తరఫున పనులు చేసే అధికారాన్ని ఇంకొకరికి రాసిచ్చే కాగితం అది; అన్ని పనులకూ కలిపి ఇస్తే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ. ఆస్తి, బ్యాంకు ఖాతా, పెద్దవాళ్ల డబ్బు ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వచ్చినప్పుడు కాగితం ఎలా రాసుకోవాలన్నదే అందరి సందేహం. వాటిలో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. కూకట్‌పల్లిలో నా పేరు మీద ఫ్లాటు ఉంది. ఇన్నాళ్లూ మామయ్యగారు చూసుకునేవారు, ఇప్పుడు ఆయనకు ఓపిక లేదు. మా మరిది "జీపీఏ పంపించండి వదినా, అద్దె దగ్గర్నుంచి అమ్మకం దాకా నేను చూసుకుంటా" అని నాలుగు పేజీల డ్రాఫ్టు పంపాడు. మంచివాడే, అనుమానమేం లేదు. కానీ చదివితే భయమేసింది. సంతకం పెట్టనంటే ఇంట్లో మాట వస్తుంది. ఏం చెయ్యను?

జవాబు: భయం వేయడం సహజమే. మీరు పంపిన డ్రాఫ్టులో మూడో పేజీ మధ్యలో ఉన్న వాక్యం ఇది: "సదరు ఫ్లాటును మీకు తోచిన వారికి, మీకు తోచిన ధరకు విక్రయించుటకు, తనఖా పెట్టుటకు, దానముగా ఇచ్చుటకు, ప్రతిఫలము స్వీకరించి రశీదు ఇచ్చుటకు, అవసరమైనచో ఇతరులను ఏజెంటుగా నియమించుటకు మీకు సర్వాధికారములు ఇవ్వడమైనది." డాక్యుమెంట్ రైటర్ల దగ్గర అచ్చుపోసి ఉండే మాటలే ఇవి. మీ మరిది కావాలని రాయించినవి కాకపోవచ్చు. అయినా చట్టం దృష్టిలో ఈ ఒక్క వాక్యంతో ఆయన మీ ఫ్లాటును ఎవరికైనా ఎంతకైనా అమ్మగలరు, డబ్బు తన చేత్తో తీసుకోగలరు, ఆ అధికారాన్ని మీరెన్నడూ చూడని మూడో మనిషికి అప్పగించగలరు. ఏజెంటు తన పనిని ఇంకొకరికి అప్పగించకూడదన్నది కాంట్రాక్టు చట్టం 190వ సెక్షన్‌లో ఉన్న మామూలు నియమం. ఈ డ్రాఫ్టు ఆ రక్షణను కూడా తీసేస్తోంది.

ఫ్లాటును చూసుకోవడం ఒక పని, అమ్మడం ఇంకో పని. రెండింటికీ ఒకే కాగితం వద్దు. ఇప్పటికి చూసుకోవడానికి మాత్రమే పవర్ ఇవ్వండి. అందులో ఉండాల్సినవి: 11 నెలలకు మించకుండా అద్దె ఒప్పందం రాసుకోవడం, కిరాయిదారుకు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడం, ఆస్తి పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ కట్టడం, అసోసియేషన్ సమావేశానికి వెళ్లడం, ఫలానా మొత్తం లోపు మరమ్మతులు చేయించడం. ఆ పైన ఖర్చయితే మీ ఈమెయిల్ అనుమతి ఉండాలని రాయండి. అద్దె నేరుగా మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశంలో ఉండేవారు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) పడాలని ఖాతా నంబరుతో సహా రాయండి. చివర్లో "అమ్మకం, తనఖా, దానం, డెవలప్‌మెంట్ ఒప్పందం చేయుటకు ఈ పత్రం ద్వారా ఏ అధికారమూ లేదు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. రెండేళ్లకో మూడేళ్లకో ముగిసేలా తేదీ కూడా వేయండి.

అమ్మకం సంగతి వచ్చినప్పుడు, బేరం కుదిరాకే, ఆ ఒక్క పనికి స్పెషల్ పవర్ పంపండి. ముందే పంపి అందులో కనీస ధర రాస్తే కొనేవాడు ఆ అంకె చూసి అక్కడే కూర్చుంటాడు. బేరం కుదిరాక పంపితే కొనేవారి పేరు, ఖరారైన ధర, డబ్బు పడాల్సిన ఎన్‌ఆర్‌ఓ ఖాతా నంబరు, ఆరు నెలల గడువు అన్నీ సూటిగా రాయొచ్చు. ఫ్లాటు నంబరు, అంతస్తు, అవిభక్త స్థలం ఎన్ని గజాలు, నాలుగు హద్దులు మీ సేల్ డీడ్‌లో ఉన్నట్టే అక్షరం మారకుండా దించండి.

ఇంతకంటే తక్కువ అధికారం ఇచ్చే దారి ఒకటుంది, చాలామంది దాని జోలికే పోరు. సేల్ డీడ్ మీద అక్కడే మీరే సంతకం పెట్టి పంపవచ్చు. మీ మరిదికి దాన్ని సబ్‌రిజిస్ట్రార్ ముందు దాఖలు చేసి, సంతకం మీదేనని ఒప్పుకునే అధికారం మాత్రం ఇస్తే చాలు. విదేశంలో సంతకం చేసిన పత్రాన్ని అది భారత్‌కు చేరిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు తేవాలని రిజిస్ట్రేషన్ చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. ఫొటోలు, వేలిముద్రల సంగతి సబ్‌రిజిస్ట్రార్‌తో ముందే మాట్లాడుకుని ఈ పద్ధతి ఎంచుకోండి. ఇందులో ధర మీ కళ్లముందే ఉంటుంది.

ఇంకొకటి. ఒరిజినల్ సేల్ డీడ్ మాత్రం ఎవరి దగ్గరా ఉంచకండి. అద్దె వ్యవహారానికి జిరాక్సు చాలు, ఎవరైనా గట్టిగా అడిగితే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఒరిజినల్ చేతిలో ఉండి, తనఖా పెట్టే అధికారం పవర్‌లో ఉంటే, ఆ రెండింటితో అప్పు పుట్టించడం పెద్ద కష్టం కాదు.

ఇక ఇంట్లో మాట గురించి. పరిధి గీసిన కాగితం మీ మరిదికి కూడా మేలే చేస్తుంది. రేపు ఫ్లాటు ఎనభై లక్షలకు అమ్ముడై, ఎవరో బంధువు "తొంభై పలికేదే" అంటే, ధర నిర్ణయించింది మీరేనన్న రుజువు ఆయన చేతిలో ఉంటుంది. "ఇప్పుడు అద్దెకు పంపుతున్నాను, అమ్మేటప్పుడు దానికి వేరేది పంపుతాను" అని ఉన్నమాట చెప్పండి. దీనికి నొచ్చుకునేవాళ్లు తక్కువ.

ప్రశ్న: న్యూజెర్సీలో నోటరీ చేయించి జీపీఏను విజయవాడలో ఉన్న మా బావగారికి ఐదు నెలల క్రితం పంపాం. ఆయన బీరువాలో భద్రంగా పెట్టారు. ఇప్పుడు తీసుకెళ్తే రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీసుకోవడం లేదు. కారణం ఏమిటి?

జవాబు: గడువు దాటింది. విదేశంలో సంతకం చేసిన పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు సుంకం కట్టించాలి. ఇది స్టాంపు చట్టం 18వ సెక్షన్. మన దగ్గర ఆ పని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో జరుగుతుంది. దాన్నే 'వ్యాలిడేషన్' అంటున్నారు. గడువు దాటాక అదే కాగితాన్ని నిలబెట్టాలంటే కట్టని సుంకంతో పాటు జరిమానా పడుతుంది, అది పదింతల వరకు పోవచ్చు. కొత్తది రాసి పంపడమే చౌక, తలనొప్పి కూడా తక్కువ.

ఈసారి వరస ఇది. డ్రాఫ్టు ఇక్కడి న్యాయవాదితో రాయించండి. ప్రతి పేజీ అడుగున సంతకం, మొదటి పేజీలో ఫొటో, వేలిముద్రలు, చివర ఇద్దరు సాక్షులు. ఇది నోటరీ ముందే జరగాలి. ఇంట్లో సంతకం పెట్టి నోటరీ దగ్గర ముద్ర వేయించుకోకండి. ఆ తర్వాత న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్ (నోటరీ ముద్ర అసలైనదేనన్న ధ్రువీకరణ) తీసుకోవచ్చు, లేదా నోటరీకి బదులు భారత కాన్సులేట్ ద్వారా అటెస్టేషన్ చేయించవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ నోటరీని, కాన్సుల్‌ను ఇద్దరినీ ఒప్పుకుంటుంది. ఒరిజినల్‌ను కొరియర్‌లో పంపాక, ఆ కవరును బావగారు పారేయకూడదు. కాగితం ఏ తేదీన దేశంలోకి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే. కవరు, తన ఆధార్, మీ పాస్‌పోర్టు నకలు, ఆస్తి దస్తావేజు నకలు తీసుకుని ఆయన రెండు మూడు వారాల్లోనే జిల్లా రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి. సుంకం ఇంత అని ముందే అనుకోకండి. రక్తసంబంధీకులకు ఇచ్చే పవర్‌కు, బయటివాళ్లకు ఇచ్చేదానికి రేట్లు వేరు. బావగారు ఆ కుటుంబ జాబితాలోకి వస్తారో రారో అక్కడే అడిగి కట్టండి.

తిరగ్గొట్టే కాగితాల్లో ఎక్కువగా కనిపించే తప్పు పేరులో ఉంటుంది. దస్తావేజులో ఇంటిపేరు ముందుండి, పాస్‌పోర్టులో చివర ఉంటుంది. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు మారి ఉంటుంది. పవర్‌లో రెండు రూపాలూ రాసి "ఈ రెండు పేర్లూ నావే" అని చెప్పాలి. ఖాళీ గీతలు వదిలేసి "అక్కడ నింపుకుంటారులే" అని మాత్రం పంపొద్దు.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో రిటైరయ్యారు, 81 ఏళ్లు, రాజమండ్రిలో అమ్మతో ఉంటున్నారు. ఏడాదిగా మతిమరుపు పెరిగింది. బ్యాంకు పనులకు నేనే బెంగళూరు నుంచి రావాల్సి వస్తోంది. అన్నయ్య, నేను కలిసి ఆయన దగ్గర జీపీఏ తీసుకుంటే పూర్తిగా మరిచిపోయే స్థితి వచ్చినా ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ఉంటుందమ్మా, అదీ సరిగ్గా మీకు అవసరమైన రోజునే. మన చట్టం ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ పవర్ ముగిసిపోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. అమెరికా, ఇంగ్లండుల్లో మతి తప్పాక కూడా నడిచే పవర్ ఆఫ్ అటార్నీలు ఉన్నాయి. పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో ఇక్కడా అంతే అనుకుంటారు, ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. పూర్తిగా తెలివి తప్పాక కుటుంబాలు హైకోర్టుకు వెళ్లి సంరక్షకులుగా నియమించమని కోరాల్సి వస్తోంది. కాబట్టి నాన్నగారికి మంచిచెడు తెలుస్తున్న ఈ నెలల్లోనే కొన్ని పనులు చేసేయండి.

మొదటిది పింఛను ఖాతా. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఆ ఖాతాను జీవిత భాగస్వామితో కలిపి పెట్టుకోవచ్చు. అమ్మగారి పేరు 'ఈదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోయాక రెండోవారు నడపగలిగే) పద్ధతిలో చేర్పించండి. పిల్లల పేర్లు దానిలో చేర్చడం కుదరదు. మిగిలిన సేవింగ్స్ ఖాతాలో మీలో ఒకరు చేరవచ్చు. అయితే జాయింటుగా చేరినవారు ఎప్పుడైనా మొత్తం తీసేయగలరు. అందుకని ఇంటి ఖర్చుకు కావాల్సినంతే ఆ ఖాతాలో ఉంచి, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. 'ఈదర్ ఆర్ సర్వైవర్' డిపాజిట్‌ను గడువు తీరాక ఎవరో ఒకరి సంతకంతో తీసుకోవచ్చు గానీ, ముందే విరగ్గొట్టాలంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ కావాలి. ఆసుపత్రి అవసరానికి రాత్రికి రాత్రి పనికొచ్చేలా కొంత మొత్తం అమ్మగారి సొంత పేరు మీద కూడా ఉండాలి. ఈ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు.

లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆయన్ను బ్యాంకుకు తిప్పనక్కర్లేదు. జీవన్ ప్రమాణ్‌ను ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వవచ్చు. 80 ఏళ్లు దాటినవారు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. మంచాన పడి సంతకం చేయలేని స్థితి వస్తే, మనసు స్పష్టంగా ఉన్నంతవరకు బ్యాంకు వేలిముద్ర తీసుకోవాలి. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. డబ్బు ఎవరు తీసుకెళ్తారో నాన్నగారు చెప్పాలి. ఇది రిజర్వు బ్యాంకు చెప్పిన పద్ధతే, బ్రాంచిలో తెలియదంటే మేనేజరుకు రాతపూర్వకంగా గుర్తు చేయండి.

నామినీ పేర్లు సరిచూడండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. అయితే బ్యాంకు ఎవరికి డబ్బు ఇచ్చి చేతులు దులుపుకోవాలో చెప్పడానికే నామినేషన్. ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా, వారసత్వ చట్టం తేలుస్తాయి. మీ అన్నయ్య ఒక్కరే నామినీ అయినంత మాత్రాన డబ్బంతా ఆయనదైపోదు. ఈ ఒక్క అపోహ తోబుట్టువుల మధ్య చాలా గొడవలు పెడుతోంది.

వీలునామా రాయించాలనుకుంటే ఆలస్యం చేయకండి. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. మతిమరుపు ఉన్న మనిషి కాబట్టి రిజిస్టర్ చేయించడమే మంచిది. అదే రోజు, సంతకానికి ముందు, ఆయన్ను చూస్తున్న డాక్టరుతో "విషయం అర్థం చేసుకుని నిర్ణయం చెప్పగలుగుతున్నారు" అని రాయించుకోండి. పది రోజుల ముందు సర్టిఫికెట్‌కు కోర్టులో అంత బలం ఉండదు. ఆయన కదల్లేకపోతే రుసుము కట్టి సబ్‌రిజిస్ట్రార్‌నే ఇంటికి రప్పించవచ్చు, 'ప్రైవేట్ అటెండెన్స్' అని అడగండి. ఆ సమయంలో గదిలో పిల్లలెవరూ లేకుండా చూడండి. నాన్నగారితో అధికారి ఒంటరిగా మాట్లాడితే వీలునామాకు బలం వస్తుంది.

ప్రశ్న: గుంటూరు దగ్గర 300 గజాల ప్లాటు చూసుకోమని పెదనాన్న కొడుకుకు మూడేళ్ల కిందట రిజిస్టర్డ్ జీపీఏ ఇచ్చాను. ఫోన్ ఎత్తడం మానేశాడు. రద్దు చేయాలంటే అతను కూడా సంతకం పెట్టాలట కదా?

జవాబు: ముందు ఆ కాగితం పైన ఏం రాసి ఉందో చూడండి. సాదా జీపీఏ అయితే మీ ఒక్కరి సంతకంతో రద్దవుతుంది. 'అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ' అని గానీ, 'డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ' అని గానీ ఉంటే, డబ్బు చేతులు మారినట్టు రాసి ఉంటే, అవతలివారికి ఆ ఆస్తిలో ఆసక్తి ఏర్పడినట్టు. అలాంటిదాన్ని ఏకపక్షంగా రద్దు చేయడం కుదరదు (కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్). అప్పుడు దారి కోర్టే.

సాదాదైతే ఈ వారంలోనే, ఈ క్రమంలో కదలండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి. ప్లాటు ఇంకా మీ పేరే ఉందా, మధ్యలో అమ్మకం, తనఖా ఏమైనా పడిందా తెలుస్తుంది. జీపీఏ రిజిస్టరైన కార్యాలయంలోనే దాని డాక్యుమెంటు నంబరు, సంవత్సరం పేర్కొంటూ రద్దు పత్రం రిజిస్టర్ చేయించండి. అదే రోజు అతనికి రసీదు వచ్చేలా పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లో కూడా పంపండి. ఎందుకంటే రద్దు సంగతి అతనికి తెలిసినప్పుడే అతని విషయంలో, మూడో వ్యక్తికి తెలిసినప్పుడే ఆ వ్యక్తి విషయంలో అమల్లోకి వస్తుందని 208వ సెక్షన్ అంటోంది. రద్దు పత్రం బీరువాలో ఉండగా, ఏమీ తెలియని కొనుగోలుదారుకు అతను అమ్మేస్తే మీరు చిక్కుల్లో పడతారు. అందుకే ఆ ప్రాంతంలో ఎక్కువగా చదివే తెలుగు దినపత్రికలో సర్వే నంబరు, ప్లాటు నంబరు, హద్దులతో ప్రకటన వేయించాలి. ఒక కాపీ సబ్‌రిజిస్ట్రార్‌కు, ఒకటి లేఔట్ అసోసియేషన్‌కు ఇవ్వండి, ప్లాటులో బోర్డు పెట్టండి.

నోటీసులోనే మూడేళ్ల లెక్కలు, ఒరిజినల్ జీపీఏ వాపసు అడగండి. లెక్క చెప్పాల్సిన బాధ్యత ఏజెంటు మీద ఉంది, అది 213వ సెక్షన్. ఈసీలో అమ్మకం కనిపిస్తే పరిస్థితి మారిపోతుంది. సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీసి ఎవరికి, ఎంతకు అమ్మాడో చూడండి. భార్యకో బినామీకో అమ్మి మీకు దాచి ఉంటే, ఆ లావాదేవీని తిరస్కరించే హక్కు మీకుంది. డీడ్ రద్దుకు దావా వేయడానికి విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. డబ్బు కాజేసిన చోట భారతీయ న్యాయ సంహిత 316 కింద పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. పెద్దమనుషుల పంచాయతీకి కూర్చోవడం తప్పుకాదు గానీ, రద్దు పత్రం రిజిస్టరయ్యాకే కూర్చోండి.

ప్రశ్న: ఇది అవతలి వైపు ప్రశ్న. మా బావమరిది ఆస్ట్రేలియా నుంచి హనుమకొండలో ఇల్లు అమ్మిపెట్టమని నాకు స్పెషల్ పవర్ పంపాడు. మంచికి పోతే నా మీదకు రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ప్రతి సంతకం దగ్గర ఆయన పూర్తి పేరు, ఆ కింద "వారి తరఫున పవర్ ఆఫ్ అటార్నీ హోల్డర్" అని, ఆ కింద మీ పేరు ఉండాలి. మీ సంతకం ఒంటరిగా ఉంటే అమ్మకందారు మీరేనన్న వాదన వస్తుంది. డబ్బు ఒక్క రూపాయి కూడా మీ ఖాతాలోకి రానివ్వకండి. అడ్వాన్సు "నగదుగా ఇస్తాం, రేపే అగ్రిమెంటు" అంటారు, తీసుకోకండి. స్థిరాస్తికి 20,000 రూపాయలు, ఆపైన నగదు అడ్వాన్సు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడుతుంది. అన్నీ ఆయన ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే.

అమ్మేవారు విదేశవాసి కాబట్టి కొనేవారు ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను (టీడీఎస్) మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. బేరం మొదట్లోనే ఈ సంగతి చెప్పండి. చివరి రోజు తెలిస్తే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. బావమరిది ముందే ఆదాయపు పన్ను శాఖకు తక్కువ కోత సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకుంటే లాభంపై లెక్కగట్టిన మేరకే కోస్తారు. దానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంటులో గడువు అందుకు తగ్గట్టు పెట్టండి.

వచ్చిన ప్రతి ఆఫరును, తక్కువదైనా, ఆయనకు మెసేజ్ చేసి ఆయన జవాబు దాచండి. మీ ఖర్చులు, అంటే ఈసీ రుసుము, ప్రయాణం, న్యాయవాది ఫీజు, తేదీల వారీగా రసీదులతో నెలకోసారి పంపండి. ఆ ఇంటిని మీరో మీ ఇంట్లోవాళ్లో కొనాలనుకుంటే ఈ పవర్‌తో కొనకండి. పవర్ వెనక్కి ఇచ్చేసి, ఆయన చేతే నేరుగా రాయించుకోండి. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఒకసారి వీడియో కాల్ చేసి ఆయనతో మాట్లాడండి. పవర్ ఇచ్చినవారు బతికే ఉన్నారని, పవర్ అమల్లోనే ఉందని డిక్లరేషన్ మీద మీరు సంతకం పెట్టాల్సి రావచ్చు, అది తెలుసుకుని పెట్టిన సంతకం అయి ఉండాలి. అమ్మకం అయ్యాక లెక్కల కాగితం, ఒరిజినల్ పవర్ ఆయనకు పంపి, "లెక్కలు సరిపోయాయి" అని ఒక ఈమెయిల్ తెప్పించుకోండి.